గోడను ఇచ్చేసిన శనివారం

మొన్న మా అమ్మాయి తన కూతురి స్కేట్లు సాన పట్టించడానికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్ళింది. జెర్సీ సిటీలో ఇప్పుడు ఆ పనికి మనిషి అక్కర్లేదు. పెట్టెలాంటి మిషన్‌లో స్కేటు బిగించి మూత వేస్తే లోపల ఏదో గుయ్యిమని తిరిగి, దానంతట అదే ఆగిపోతుంది; ఒక్క నిప్పురవ్వ కూడా కంటబడదు. అయితే మూత తీయగానే వేడెక్కిన ఇనుము వాసన, దాని వెనకే తడిసిన ఉన్ని మేజోళ్ళ వాసన గుప్పున వచ్చి ముఖానికి కొట్టాయి. నేను పక్కనున్న బల్ల పట్టుకుని నిలబడిపోయాను. "ఏంటమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని మా అమ్మాయి కంగారు పడింది. కళ్ళు తిరగడమేమీ లేదు. మనవరాలున్న మనిషిని ఆ ఒక్క క్షణం తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి భయపడ్డాను, అంతే.

అది మా నాన్న చొక్కా వాసన. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో, ఒక ఐస్ రింక్ గోడకు ఆనుకుని మా నాన్నకు చిన్న షాపు ఉండేది. మాది గుంటూరు వైపు కమ్మరి పని చేసే ఇల్లు. శారదత్త, అంటే మా నాన్న చెల్లెలు, ఇంజనీరుని చేసుకుని ముందే అమెరికా వచ్చింది కాబట్టి, ఆవిడ కాగితాలు పెట్టి మమ్మల్ని పిలిపించుకుంది. నాన్న మొదట కార్ల సామాను చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. డెబ్బైలు అయిపోవస్తుండగా అక్కడ మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టారు, ఆ తీసేసిన వాళ్ళలో నాన్నా ఉన్నాడు. చేతిలో ఉన్న విద్య ఇనుముకు పదును పెట్టడమే కనక, ఆ షాపు అద్దెకు తీసుకుని స్కేట్లు సాన పట్టడానికి కూర్చున్నాడు. చలికాలమంతా రింక్‌లో ఆడే పిల్లలూ పెద్దలూ తడి స్కేట్లు తెచ్చి గోడ పక్కన వరసగా పెట్టి పోయేవారు. వాటి నుంచి కరిగిన మంచు కారి నేలమీద నల్లటి మడుగులు కట్టేది. నేను బడి నుంచి రాగానే మొదటి పని పాత న్యూస్‌పేపర్లు పరిచి ఆ నీళ్ళు తుడవడం, రెండో పని తెగిన లేసుల్లో పనికొచ్చే ముక్కలు ఏరి చుట్టలు చుట్టి డబ్బాలో వేయడం. మా ఇంట్లో ఏదీ పారేయడమనేది లేదు. ఇప్పటికీ నా వంటింట్లో లేదు, దానికి ఎవరైనా నవ్వితే నవ్వుకోవచ్చు.

అమ్మ డ్రైక్లీనింగ్ షాపులో ప్యాంట్లకు అంచులు కుట్టేది. శనివారం పొద్దున మాత్రం కిరోసిన్ హీటర్ మీద టీ గిన్నె పెట్టి, అటుకులు దొరకని ఆ రోజుల్లో అక్కడి పిల్లలు పాలలో వేసుకు తినే ఉబ్బిన బియ్యం పెట్టె విప్పి, వేరుశెనగలూ ఎండుమిర్చీ కాసింత పసుపూ వేసి పోపు పెట్టి పెద్ద డబ్బానిండా షాపుకు తెచ్చేది. దీపావళి వస్తే పాన్‌కేక్ పిండితో గులాబ్ జామ్‌లు చేసేది. అవి బయట గట్టిగా, లోపల మెత్తగా, ఎంత పాకంలో నానినా కాస్త పాన్‌కేక్ వాసన వేస్తూ ఉండేవి, అయినా అంత రుచైనవి మళ్ళీ నేను తినలేదు. మూడేళ్ళ మా చెల్లి బుజ్జి, నేను ఆ స్కేట్ల వరసల మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్ళం. బుజ్జి ఎప్పుడూ ఒకే చోట, నాన్న తోలు ఏప్రన్ వెనక దాక్కునేది, అయినా నేను వెతుకుతున్నట్టు నటించాలి.

ఆ పోపు డబ్బా కోసమూ, నాన్న పెట్టే టీ కోసమూ, అల్మరా మీది రేడియో కోసమూ శనివారం శనివారం ముగ్గురు మనుషులు వచ్చేవారు. ఇద్దరు మన తెలుగువాళ్ళే, కార్ల కంపెనీలో ఇంజనీర్లు. బెజవాడ ప్రసాద్ అంకుల్, కరీంనగర్ రాజిరెడ్డి అంకుల్. ఒక్కరికీ స్కేటింగ్ రాదు. వాళ్ళ ఇళ్ళల్లోని కూరగాయల కత్తులూ కత్తిపీటలూ సాన పట్టించే వంకతో వచ్చేవారు. ట్రాయ్‌లో అంత పదునైన కత్తిపీటలు మరే తెలుగింట్లోనూ ఉండి ఉండవు. మూడో ఆయన వాల్ట్ తాత, రిటైరైన బస్సు డ్రైవర్, తెల్లాయన, పుట్టినప్పటి నుంచీ మా ఊరి హాకీ జట్టును తిడుతూ ప్రేమిస్తూ బతికిన మనిషి. ఆ రోజుల్లో మా జట్టు వచ్చిన ప్రతి మ్యాచూ ఓడిపోయేది. ఇక్కడి జట్లు తమ ఆటగాళ్ళని వేరే ఊరి జట్లకు ఇచ్చి, బదులు వాళ్ళవాళ్ళని తెచ్చుకుంటాయి. ఓడిపోయే జట్టుకు అభిమానులు చేసే పని ఒకటే: ఎవర్ని వదిలించుకుని ఎవర్ని తెచ్చుకోవాలో వాదించుకోవడం.

ఆటగాళ్ళ పేర్లు మా అంకుల్స్ నోటికి తిరిగేవి కావు, అందుకని అందరికీ తెలుగు పేర్లు పెట్టుకున్నారు. కొట్టిన ప్రతి బిళ్ళనూ లోపలికి వదిలేసే గోలీ, అంటే గోలు కాసేవాడి పేరు జల్లెడ. బోలెడు జీతం తీసుకుని బెంచీ మీద కూర్చునేవాడి పేరు అల్లుడు. వెనక నిలబడి, దెబ్బలు తింటూ, నోరెత్తకుండా, ఎవరు వచ్చినా అడ్డుకునే పెద్దమనిషి పేరు గోడ. వాల్ట్ తాత కూడా ఆ పేర్లే నేర్చుకుని "గోడా, గోడా" అని రేడియో మీద అరిచేవాడు. వాదనకు తాత పెట్టిన కట్టుబాటు ఒకటుంది: నాకు ఫలానావాడు కావాలి అని ఎవరైనా అనగలరు, కాబట్టి ముందు ఎవర్ని ఇస్తావో చెప్పాలి. ఇచ్చేవాడి పేరు చెప్పి, తన టీ కప్పు బల్ల మధ్యకు జరపాలి. అప్పుడే మాట్లాడనిస్తారు.

"ఎవర్నిస్తవో ముందుగాల చెప్పు," అనేవాడు రాజిరెడ్డి అంకుల్.

"అల్లుణ్ణి ఇచ్చేద్దాం," అని ప్రసాద్ అంకుల్ కప్పు జరిపేవాడు.

"అల్లున్ని ఎవడు తీస్కుంటడు భై? ఊకెనే ఇస్తమన్నా వద్దంటరు. బస్ టికెట్ గూడ మనమే కొనియ్యాలె. మంచోన్ని ఇస్తెనే మంచోడొస్తడు. గోడను ఇయ్యాలె."

"నీకేమన్నా మతి పోయిందా? గోడనిచ్చేస్తే మిగిలేది జల్లెడే. ఇంక రేడియో కట్టేసి నిద్రపోవచ్చు మనం."

నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఒకరోజు ప్రసాద్ అంకుల్ కప్పులో టీ పోస్తూ, "ఇచ్చేస్తున్నారని వాళ్ళని ముందు అడుగుతారా అంకుల్?" అని అడిగేదాకా. "అడగరమ్మా. ఫోన్ చేసి చెప్తారు, మర్నాడు బ్యాగ్ సర్దుకుని వెళ్ళిపోవడమే," అన్నాడాయన. వాళ్ళ ఇంట్లోవాళ్ళో అన్నాను. వాళ్ళు తర్వాత ఎప్పుడో వెళ్తారు, కొందరు వెళ్ళరు అన్నాడు. ఆ మాట ఆయన పోపు నములుతూ మామూలుగానే చెప్పాడు. మంచి వాణ్ణి, మాట్లాడకుండా పని చేసేవాణ్ణే ఇస్తారు, పనికిరానివాణ్ణి ఎవరూ తీసుకోరు. మరీ చిన్నవాళ్ళని మాత్రం ఇవ్వరు. ఇవన్నీ ఆ బల్ల దగ్గర విని విని నాకు కంఠతా వచ్చేశాయి. మా ఇంట్లో మరీ చిన్నది బుజ్జి. మాట్లాడకుండా పని చేసేది నేను.

ఆ చలికాలం అమ్మకు మూడో నెల దాటి నాలుగో నెల. అంతకు ముందు ఒకటి నిలవలేదని డాక్టరు మంచం దిగొద్దన్నాడు, అమ్మ కుట్టుపని మానేసింది. మామయ్యకు శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చి అత్తావాళ్ళు ఆ ముందు ఏడే కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. అత్తకు పిల్లల్లేరు. ఆదివారం లాంగ్ డిస్టెన్స్ ఫోను వచ్చేది. నాన్న నిలబడే మాట్లాడేవాడు, కూర్చుంటే మాటలు పెరుగుతాయని. ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని మేజోడు కుట్టుకుంటున్నాను, కింద నాన్న గొంతు వినబడింది. "చిన్నది వాళ్ళమ్మను వదలదే శారదా... ఆ, పెద్దదైతే... పనులన్నీ చేస్తుంది, మంచి పిల్ల... సరే, నువ్వు వచ్చాక." ఫోను పెట్టేసి పైకి రాకుండా బయట మంచులోకి వెళ్ళి నిలబడ్డాడు.

మంచి పిల్ల అన్నాడు. బల్ల దగ్గర ఇచ్చేది మంచివాళ్ళనే.

ఆ మరుసటి శనివారమే రాజిరెడ్డి అంకుల్ కొత్త లెక్క తెచ్చాడు. గోడకు బదులు ఎవరొస్తారని నేను అడిగితే, వచ్చే ఏడు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేటప్పుడు ముందు ఎంచుకునే హక్కు వస్తుందన్నాడు. ఎవరా కుర్రాడు అన్నాను. "ఎవరికెర్క బిడ్డా? యాడనో బళ్ళె చదువుకుంటుండు. పేరు గూడ తెల్వది." ఉన్నవాణ్ణి ఇచ్చి, ఇంకా రానివాణ్ణి తెచ్చుకుంటారన్నమాట. నేను టీ గిన్నె హీటర్ మీద పెట్టేసి, ఇంటికి నడిచి వెళ్ళి, మంచం మీద వెల్లకిలా పడుకున్న అమ్మ పొట్టవంక చూశాను. దుప్పటి కింద చిన్న గుట్టలా ఉంది. పేరు కూడా తెలియదు. వాడొస్తున్నాడు, నన్నిస్తున్నారు. ఈ లెక్కలో నాకు ఎక్కడా తప్పు కనబడలేదు.

అప్పటినుంచీ ప్రతిదీ భయమే. అమ్మ మంచం మీంచే నా గౌను అంచు విప్పి పొడుగు చేస్తే భయం. నాన్న అటక మీంచి సూట్‌కేస్ దించి బూజు దులిపితే భయం. బళ్ళో టీచరు నా పేరు పిలిచినా ఎవరో తీసుకుపోవడానికి వచ్చారనుకుని బల్లకింద కాళ్ళు ముడుచుకునేదాన్ని. ఎవరితో చెప్పను? ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళ మాటల్లో దూరడం లేదు. ఇచ్చేస్తున్నారా అని అడిగితే అవునంటారేమో, అడగనంతవరకూ అది ఖాయం కాదు కదా అనుకున్నాను.

దారి కూడా ఆ బల్ల దగ్గరే దొరికింది. కొనే జట్టు ముందు డాక్టర్ని పంపుతుందట, కాలు వంచి చూస్తాడట, మోకాలు పోయినవాడైతే ఎంత గొప్పవాణ్ణయినా వద్దంటారట. వాల్ట్ తాత తన ప్యాంటు పైకి లాగి మరీ చూపించాడు. మర్నాడు పొద్దున నేను కుంటుతూ లేచాను. ఏ కాలో మర్చిపోకుండా లేసుల డబ్బాలోంచి చిన్న ముక్క తీసి కుడికాలి బొటనవేలికి కట్టుకుని, పైన మేజోడు వేసుకున్నాను. మంచులో జారానని చెప్పాను. అమ్మ మంచం మీంచే ఉప్పు మూట కట్టించి కాపడం పెట్టింది, నాన్న నువ్వులనూనె వేడిచేసి రోజూ సాయంత్రం రుద్దేవాడు, ఇనుప రజను గీసుకుపోయిన ఆ అరచేతులు గరగరలాడుతూ నా మోకాలి చుట్టూ తిరుగుతుంటే ఏడుపొచ్చేది. నొప్పనుకుని ఇంకా మెల్లిగా రుద్దేవాడు.

క్రిస్మస్ సెలవులకు శారదత్త వచ్చింది. వస్తూనే నన్ను దగ్గరకు లాక్కుని, ముద్దుపెట్టుకుని, కాలు తన ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ వంచి చూసింది. కొనేవాళ్ళ డాక్టరు ఇలాగే చూస్తాడు. నేను "అమ్మా" అని గట్టిగా అరిచాను. ఇంక వద్దంటుంది, ఇంక అయిపోయింది అనుకున్నాను. అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఈ మంచులో ఉంచితే పిల్ల అవిటిదైపోతుంది అన్నయ్యా. వదిన మంచంలో ఉంది, నువ్వు షాపులో ఉంటావు, దీన్ని ఎవరు చూస్తారు? మా దగ్గర ఎండ ఉంది, పెద్ద హాస్పిటల్ ఉంది. ఈ ఆదివారమే నాతో తీసుకెళ్ళిపోతా."

నాన్న నా కాలివంక చాలాసేపు చూసి, "అలాగే," అన్నాడు.

ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది ఇంట్లో తలకిందులైంది. కాలు పోయినవాణ్ణి జట్లు వద్దంటాయి, అత్తలు ముందు ఎత్తుకుంటారు. ఇప్పుడు తిన్నగా నడిస్తే మంచి పిల్లనని తీసుకుపోతారు, కుంటితే పాపం పిల్లనని తీసుకుపోతారు. రెండు దారులూ మూసుకుపోయాక నేను కుంటడమే సాగించాను. బట్టలు సూట్‌కేస్‌లోకి వెళ్ళాయి. బుజ్జి నా గౌన్ల మీద పడుకుని ఆడుకుంటుంటే అత్త నవ్వుతూ దాన్ని పక్కకు జరిపింది.

శనివారం వచ్చింది. నాన్న నన్ను ఎత్తుకుని షాపుకు తీసుకెళ్ళి హీటర్ పక్కన కూర్చోబెట్టాడు. అంకుల్స్ వచ్చారు, తాత వచ్చాడు, కత్తిపీటలు వచ్చాయి, అమ్మ లేవలేదు కనక పోపు అత్త చేసి పంపింది, కాస్త మాడింది. అయినా అందరూ తిన్నారు. నాన్న సానరాయి తిప్పుతున్నాడు, రవ్వలు చీపురుకట్టలా నేలకు చిమ్ముతున్నాయి. రేడియోలో పాట మధ్యలో ఆపి ఒకాయన వార్త చెప్పాడు. మా జట్టు గోడను ఇచ్చేసింది. బదులు, వచ్చే ఏడు ఒక కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు. అతను అప్పటికే విమానం ఎక్కేశాడట, భార్యాపిల్లలు మాత్రం బళ్ళు అయ్యేదాకా ఇక్కడే ఉంటారట.

నేను సంతోషపడతారనుకున్నాను. చలికాలం మొదలైనప్పటి నుంచీ వాళ్ళు అడిగింది అదే. వాల్ట్ తాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ప్రసాద్ అంకుల్ రాజిరెడ్డి అంకుల్‌వైపు తిరిగి, "ఏం, నువ్వన్నట్టే అయిందిగా! పండగ చేసుకో," అన్నాడు. రాజిరెడ్డి అంకుల్ ముఖం నల్లబడిపోయింది. "ఇయ్యాలె ఇయ్యాలె అని ఊకె అన్న గని, నిజంగ ఇస్తరనుకున్ననా ప్రసాదూ?"

నేను పరిగెత్తాను. హీటర్ పక్కనుంచి, స్కేట్ల వరస దాటి, నేలమీది నీళ్ళలో టపటపా రెండు కాళ్ళతోనూ పరిగెత్తి, రవ్వలు పడుతున్నాయని కూడా చూడకుండా నాన్న ఏప్రన్ పట్టుకున్నాను. ఆయన గభాలున స్విచ్చి కట్టేశాడు. సానరాయి ఒక్కసారి ఆగదు. గుయ్యిమన్న చప్పుడు సన్నగిల్లుతూ, సన్నగిల్లుతూ పూర్తిగా ఆగేదాకా ఆ గదిలో ఒక్కరూ కదల్లేదు.

"నన్నివ్వొద్దు నాన్నా," అన్నాను. "ఆ వచ్చేవాడి పేరు కూడా మనకి తెలీదు."

నాన్న నా కాళ్ళవంక చూశాడు. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. కొడతాడనుకున్నాను. ఆయన నల్లటి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, నా తలమీద పెట్టబోయి, ఇంకా నల్లగానే ఉన్నాయని వెనక్కి తీసుకున్నాడు. "ఎవరన్నారే ఇస్తానని?" అన్నాడు. వాల్ట్ తాతకు మాటలు అర్థం కాలేదు గానీ విషయం అర్థమైనట్టుంది, వెళ్ళి రేడియో కట్టేశాడు. నాన్న సాన పట్టని స్కేట్లు అలాగే వదిలేసి, శనివారం మధ్యాహ్నం షాపు మూసి, నన్ను నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్ళాడు. దారంతా నా నడక చూస్తూనే ఉన్నాడు.

"శారదా, పిల్ల ఇక్కడే ఉంటుంది," అన్నాడు గుమ్మంలోంచే. అత్త ఎందుకని అడగలేదు. నా రెండు కాళ్ళూ చూసింది, నాన్న ముఖం చూసింది, వెళ్ళి సూట్‌కేస్ తెరిచి నా గౌన్లు ఒక్కొక్కటే తీసి, మళ్ళీ ఇస్త్రీ మడత నలగకుండా సొరుగులో తనే సర్దింది. తను కొని తెచ్చిన పసుపుపచ్చ స్వెటర్ ఒక్కటి ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది.

ఎండాకాలం మొదట్లో తమ్ముడు పుట్టాడు. అమ్మ చాలా కాలం లేవలేకపోయింది. వాణ్ణి నేనే ఎత్తుకు తిరిగాను, వాడి కోసం బడికి పోని రోజులే ఎక్కువయ్యాయి, పదహారు నిండాక బడి పూర్తిగా మానేసి షాపులో కూర్చున్నాను. దానికి ఏనాడూ చింతించలేదు. ఇంట్లో ఉండడానికి అది నేను చెల్లించిన అద్దె అనుకున్నాను, అంతే. బల్ల దగ్గర వాదనలు సాగుతూనే వచ్చాయి, కాకపోతే నేను టీ తీసుకుని రాగానే రాజిరెడ్డి అంకుల్ మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడేవాడు. మంచు గురించి ఎంతసేపని మాట్లాడతాడు, పాపం.

నాన్న పోయిన ఏడు శాంటా క్లారా వెళ్ళాను. అత్త పెరట్లో నిమ్మకాయలు కోస్తూ, నేను అడక్కుండానే చెప్పింది. "మీ నాన్న నాకు మాటిచ్చాడే. కొన్నాళ్ళకు కాదు, ఉంచేసుకో అన్నాడు. నీ పేరున టికెట్ కూడా తీశాను. ఆ రోజు నీ సీటు ఖాళీగానే వచ్చింది, నా పక్కన. పిల్ల ఏదండీ అని విమానంలో అమ్మాయి అడిగితే, బాత్రూంకి వెళ్ళిందని చెప్పా." నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వి నిమ్మకాయలు బుట్టలో వేశాను. ఆ రాయి ఆగేదాకా గదిలో కదలకుండా నిలబడ్డ మనిషి, అప్పటికే నన్ను ఇచ్చేసి ఉన్నాడన్నమాట. ఇచ్చి, వెనక్కి తీసుకున్నాడు. చిన్నప్పుడు నేను భయపడింది వట్టి భయం కాదు.

ఇప్పుడు ఆ షాపు లేదు, గోళ్ళకు రంగులు వేసే చోటు వచ్చింది. రింక్ కూల్చి కార్ల పార్కింగ్ చేశారు. తాత పోయాడు, అంకుల్స్ ఇద్దరూ పోయారు, అత్తా పోయింది. మా అల్లుడు సోఫాలో ఒక్కడే కూర్చుని, బొటనవేలితో ఫోన్‌లో ఏదో ఉత్తుత్తి జట్టు ఆటలో ఆటగాళ్ళని ఇచ్చి పుచ్చుకుంటుంటాడు, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. తమ్ముడు వారం వారం ఫోన్ చేస్తాడు, వాడికి ఇవేవీ తెలియవు, చెప్పను కూడా. ఆ శనివారం ఆ వార్త రేడియోలో ఒక్క రోజు ఆలస్యంగా వచ్చి ఉంటే నేను ఎక్కడ పెరిగేదాన్నో చెప్పగలిగిన మనిషి మా నాన్న ఒక్కడే, ఆయన బతికున్నన్నాళ్ళూ నేను అడగలేదు.